పైకి చూడమని ఎవరూ అడగలేదు

నేను ఇరవై తొమ్మిదేళ్ళు మనుషుల్ని తిప్పే ఉద్యోగం చేశాను. ఇలా చెప్తే మా వీధిలో కొత్తగా దిగినవాళ్ళు టూరిస్టు బస్సనుకుని, అరకు ఎప్పుడు తీసుకెళ్తావని అడిగేవారు. నేను తిప్పింది మంచం మీద. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, రెండు గంటలకొకసారి. కదల్లేని మనిషిని అలా తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. తిప్పడం, తుడవడం, దుప్పటి మార్చడం, ముక్కులో ట్యూబులోంచి గంజి పొయ్యడం, అన్నీ అయిపోయాక గడ్డానికి గుడ్డ కట్టడం. ఆరో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి మళ్ళీ అటు తొంగి చూడనివాడికి ఇంతకంటే పెద్ద పని ఎవరిస్తారు?

ఇప్పుడు మా ఆసుపత్రిలో కొత్త అటెండర్ల కోసం, నర్సింగు చదివే పిల్లల కోసం, రిటైరైనవాళ్ళ చేత అనుభవాలు రాయిస్తున్నారు. "నువ్వు నవ్విస్తావు బాబాయ్, నువ్వొకటి రాయి" అన్నారు. రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఇందులో మీకు నవ్వొచ్చిన చోటల్లా తప్పు నాదే.

మా వార్డు రెండో అంతస్తులో ఉండేది. పదహారు మంచాలు. మెదడో నరాలో పాడై పడకేసినవాళ్ళు సగం, క్యాన్సరు ముదిరినవాళ్ళు సగం. ఎవరు ఎక్కడని లేదు, ఏ మంచం ఖాళీ అయితే అది. అక్కడికి జబ్బు నయం చేయించుకోడానికి ఎవరూ రారు. ఉన్నన్నాళ్ళు బాధ తక్కువగా ఉండటానికి వస్తారు. కిటికీల్లోంచి పోర్టు క్రేన్లు కనిపించేవి. కిటికీ గట్టు పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ నల్లటి బొగ్గు పొడి. అన్నాలయ్యాక రెండు నుంచి నాలుగు వరకూ వార్డులో మాట వినిపించదు. ఆక్సిజన్ సీసాలో నీళ్ళు బుడబుడమంటాయి. పదహారు మంది ఊపిరీ పదహారు రకాలుగా వినిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ రెండు గంటలూ వరండాలో నిలబడటానికే ఇష్టపడతారు. నేను మాత్రం జోకులేసేవాడిని. నా గొంతు నాకు వినిపిస్తే ధైర్యంగా ఉండేది.

ఆ రోజుల్లో ఒక చిన్న డాక్టరమ్మ కొత్తగా చేరింది. చాలా మంచి పిల్ల. రోగి ఎన్నాళ్ళు బతికాడన్నది ఒక్కటే కాదు, ఎలా బతికాడన్నది కూడా లెక్కలోకి రావాలని ఆమె పట్టు. దానికి ఒక ఫారం తెచ్చింది. నెలకోసారి ప్రతి మంచం దగ్గరా నింపాలి. ఆ ఫారంలో తెలుగు ఎవరు రాశారో గాని రేడియోలో వార్తలు చదివేవాళ్ళకి కూడా నోరు తిరగదు. అందుకని పక్కన నన్ను నిలబెట్టుకునేది, మా మాటలోకి మార్చి చెప్పడానికి.

ఆమె చదివేది: "గత వారంలో మీ శారీరక అసౌకర్యం మీ సామాజిక జీవితానికి ఏ మేరకు ఆటంకం కలిగించినది?"

మంచం మీదాయన నా వైపు చూసేవాడు. "ఏటంతన్నాది బావా?"

"నీ నొప్పి వల్ల సుట్టాలు రావడం మానేసినారా అని."

"నొప్పి రాకముందూ ఎవుడూ రానేదు. అది కూడా రాసుకోమను."

చివరి ప్రశ్న ఒకటే తేలిక. మొత్తం మీద నీ బతుక్కి పదికి ఎన్ని మార్కులేస్తావు అని. వాళ్ళు వేసే మార్కులు నాకు వింతగా ఉండేవి. కాళ్ళు పడిపోయినవాడు ఎనిమిదేసేవాడు. మర్నాడు ఇంటికి వెళ్ళబోయేవాడు రెండేసేవాడు.

మరి నోరు లేనివాళ్ళ సంగతి? వాళ్ళని రోజూ చూసుకునే మనిషిని అడిగి రాయమని ఫారం మీదే ఉంది. రోజూ చూసుకునేది నేను. డాక్టరమ్మ ఆ కాగితాలు నాకు వదిలేసి వెళ్ళేది. నన్ను నేనే అడిగి, నాకు నేనే చెప్పి, నేనే రాసేవాడిని. కదలడు, మింగడు, పలకడు. అలాంటి బతుక్కి ఎన్ని? సున్నా. మంచం మంచానికీ సున్నాలు చుట్టి టీకి వెళ్ళిపోయేవాడిని. బడిలో నాకు ఎన్ని వచ్చేవో అవే వేశాను మరి.

ఖలాసీ వచ్చింది అప్పుడే.

మల్కాపురం మనిషి. పోర్టులో ఓడ కడుపులోకి దిగి, క్రేను కొక్కేనికి సరుకు కట్టే పని. యాభై దాటలేదు. మెదడు అడుగున రక్తం గడ్డకట్టి ఒక్క పూటలో పడిపోయాడు. చెయ్యి లేదు, కాలు లేదు, నోరు లేదు. కళ్ళు మాత్రం తెరిచి ఉండేవి. పంపించిన ఆసుపత్రివాళ్ళు తెలివి లేదని రాసి పంపారు. మా పెద్ద డాక్టరు కూడా వేలు చూపించి, కుడికి చూడు, ఎడమకి చూడు అన్నారు. కళ్ళు కదల్లేదు. కళ్ళు తెరిచినంత మాత్రాన తెలివున్నట్టు కాదని హెడ్ సిస్టర్ నాకు చెప్పింది. నేను ఆ మాట పట్టుకున్నాను. కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి, ఆయన ముందు నోటికొచ్చినవన్నీ మాట్లాడాను. మా ఇంటి గొడవలు, సిస్టర్ మీద చాడీలు, పక్క మంచాలవాళ్ళు ఎన్నాళ్ళుంటారో నా అంచనాలు. గోడకి చెప్పినట్టే కదా అనుకున్నాను.

ఆయన భార్య ఏదో హాస్టల్లో వంట చేసేది. పని ముగించుకుని పదకొండింటికి వచ్చి, తల దువ్వి, గోళ్ళు తీసి, ఒంటిగంట బస్సుకి వెళ్ళిపోయేది. నన్ను అన్నియ్యా అనేది.

మొదటిసారి నేను చూసింది ఒక మధ్యాహ్నం, రెండు దాటాక. ఖలాసీకి గంజి పోస్తున్నాను. ఆయన కళ్ళు నెమ్మదిగా పైకి లేచాయి. నల్లగుడ్లు రెప్పల కిందికి పోయి తెలుపు మాత్రం మిగిలింది. దిగాయి. మళ్ళీ లేచాయి. మళ్ళీ దిగి మళ్ళీ లేచాయి. అంత సేపు ఏం చూస్తున్నాడా అని నేనూ తలెత్తాను. పైన ఫ్యాను తప్ప ఏమీ లేదు. అరగంట తిరక్కుండా పక్క మంచం మీద లివర్ క్యాన్సరు పెద్దాయన పోయాడు.

పది రోజులకి మళ్ళీ అలాగే. ఈసారి ఎదుటి మంచం. సాయంత్రం మంచం ఖాళీ.

నాకు నోరు ఊరుకోదు కదా. టీ దగ్గర అందరి ముందూ అన్నాను, "మన ఖలాసీకి కొత్త ఉద్యోగమొచ్చినాది. యముడి ఆఫీసులో గుమస్తా. పైనోడు లిస్టు అడుగుతన్నాడు, ఈయన పేర్లు సదువుతన్నాడు." అందరూ నవ్వారు. తుడిచే ఆయమ్మ ఒక్కతే నవ్వలేదు.

మూడోసారి జరిగాక ఎవరూ నవ్వలేదు. ఆయమ్మ ఆ మంచం కింద తుడవడం మానేసింది. ఎవరో మంచం కోడుకి నిమ్మకాయ కట్టారు. రోగుల కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చేవాళ్ళు ఆ పక్కకొచ్చేసరికి గొంతు పెంచేవారు. అటు చూడటానికి భయపడే రోగులు నన్ను పిలిచి అడిగేవారు, "ఇయాల ఆయన పైకి సూసినాడా బావా?" సూడనేదు అంటే అన్నం తినేవారు.

నేను పుట్టించిన కథకి నేనే భయపడ్డాను. ఖలాసీ మొహం తుడిచేటప్పుడు నుదురు దగ్గర మొదలుపెట్టి, కళ్ళ దగ్గర నా కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర తెరిచేవాడిని. ఒకరోజు అలా తెరిచేసరికి ఆయన సూటిగా నన్నే చూస్తున్నాడు. చూసి, కళ్ళు పైకెత్తాడు. నేను గుడ్డ అక్కడే పడేసి సామాన్ల గదిలోకి పోయి, మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. నాడి చూడటం నాకు రాదు. కొట్టుకుంటోందా లేదా అన్నది మాత్రం చూసుకున్నాను. ఆ రోజు నేను చావలేదు. పక్క మంచం మీది మనిషి పోయాడు.

మర్నాడు ఖలాసీ మంచం తిప్పేశాను. కాళ్ళు కిటికీ వైపు కాకుండా గోడ వైపు వచ్చేలా. అటూ ఇటూ పచ్చటి తెరలు నిలబెట్టాను. సిస్టర్‌కి గాలి ఎక్కువగా కొడుతోందని చెప్పాను. భార్య అడిగింది, "అన్నియ్యా, గోడేపుకి ఎందుకు తిప్పినారు?"

"ఎండ పడతన్నాది సెల్లెమ్మా. కళ్ళకి మంచిది కాదు."

"మీరు సూసుకుంతన్నారు, నాకేటి దిగులు" అంది.

నెలన్నర ఆయన గోడ చూశాడు. ఆ నెలన్నరలో తెర వెనక ఏమవుతోందో చూడటానికి నేను గంజి వేళకీ తిప్పే వేళకీ తప్ప వెళ్ళలేదు. రెండు గంటలకొకసారి తిప్పాల్సినవాడిని, మూడు గంటలకి ఒకసారి తిప్పాను, అదీ వీపు వైపు నుంచి.

అప్పుడు ఆయనకి జ్వరం వచ్చింది. ఛాతీలో గురగుర. మూడు రోజులు ఇంజెక్షన్లు వేశారు, దిగలేదు. పెద్ద ఆసుపత్రికి పంపి ఊపిరి మిషను పెట్టించాలా, లేకపోతే ఇక్కడే నొప్పి తెలియకుండా మందులిచ్చి పోనివ్వాలా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. డాక్టరమ్మ ఆయన భార్యని కూర్చోబెట్టుకుని ఫైలు తెరిచింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నెలకొకటి చొప్పున నా ఫారాలన్నీ వరసగా బల్ల మీద పరిచింది. చివరి గడిలో అన్నిటికీ సున్నా. నా చేతి సున్నా, కింద కొంచెం నలిగినట్టుంటుంది, ఎక్కడున్నా నేను గుర్తుపడతాను.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది, "అమ్మా, ఆయన్ని రోజూ చూస్తున్నవాళ్ళు ఆయనకి ఏ సుఖమూ తెలియట్లేదంటున్నారు. మిషన్ పెడితే బతకొచ్చు. ఇలాగే బతుకుతారు. మీరేమంటారు?"

ఆమె చాలాసేపు ఆ కాగితాల వైపు చూసింది. చదువు రాదు, సున్నా మాత్రం గుర్తుపట్టగలదు. "మీరే అంతన్నారు గదమ్మా ఏ సుఖమూ నేదని. ఇంక ఆయన్ని బాధెట్టకండి" అని సంతకం చోట వేలు నొక్కింది. సాయంత్రం నుంచి ఇంజెక్షన్లు ఆపేద్దామని అనుకున్నారు.

నేను అప్పుడు నోరు విప్పాల్సింది. పుట్టినప్పటి నుంచీ అవసరం లేని చోటల్లా తెరిచిన నోరు అది. మూసుకునే ఉంది.

మర్నాడు కాదు, ఆ మధ్యాహ్నమే ఇంకొక ఖలాసీ వచ్చాడు. ఈయనతో పద్దెనిమిదేళ్ళు జతగా పని చేశాడట. చెల్లెమ్మ కబురు పెడితే చివరి చూపుకని వచ్చాడు. పొట్టిగా, మెడ మీద తాడు ఒరిసిన మచ్చతో ఉన్నాడు. తెర తీసి చూసి, నా వైపు తిరిగాడు.

"ఇదేటి, మావోడు తప్పు సేసినాడా? గోడేపు నిలబెట్టినారు?"

"ఎండ…" అన్నాను.

"పోర్టులో ఇరవై యేళ్ళు ఎండలోనే సచ్చినాడు, ఇప్పుడు ఎండేటి సేత్తాది? తిప్పు బావా. మొకం సూసి ఎల్తాను."

ఇద్దరం మంచం తిప్పాం. ఖలాసీ మొహం వార్డు వైపుకి వచ్చింది. కళ్ళు పైకి లేచి ఉన్నాయి. దిగాయి, లేచాయి. దిగాయి, లేచాయి. ఎప్పటికంటే గబగబా. చివరి మంచం మీద ఎవరో దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు.

వచ్చినాయన మాత్రం వంగి ఆ కళ్ళలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా తలెత్తి వార్డంతా చూడటం మొదలుపెట్టాడు.

"ఏటి సూత్తన్నావ్?" అన్నాను.

"ఎవుల్నో లేపమంతన్నాడు."

"ఏటి?"

"హాబీస్ అంతన్నాడు బావా. ఎత్తమని. ఓడ లోపల మిషన్ల మోతకి మాట ఇనపడదు. రెండు సేతులూ తాడు మీదుంటాయి. మా ఇద్దరికీ కళ్ళతోటే యవ్వారం. పైకి సూత్తే హాబీస్, ఎత్తు. కిందకి సూత్తే ఆరియా, దించు. గట్టిగా మూత్తే బస్, ఆపు. ఇంత గాబరాగా హాబీస్ అంతన్నాడంటే లోడు ఒరిగిపోతన్నాది. ఎవుడు ఒరిగిపోతన్నాడు ఇక్కడ?"

పక్క మంచం మీద పరవాడ ఆయన ఉన్నాడు. క్యాంటీన్లో వంటవాడు. గొంతు క్యాన్సరుకి స్వరపేటిక తీసేసి, మెడకి చిల్లు పెట్టి గొట్టం అమర్చారు. ఊపిరంతా ఆ గొట్టంలోంచే. దిండు మీంచి జారి, గడ్డం ఛాతీకి ఆనుకుపోయి, గొట్టం గడ్డం మడత కింద మూసుకుపోయింది. గొంతు లేదు, పిలవలేడు. పెదాలు నేరేడు పండు రంగుకి వచ్చేశాయి. వేళ్ళు దుప్పటి మీద గీరుతున్నాయి. ఆ గీరుడు చప్పుడు నేను అప్పటిదాకా వినలేదు. విన్న మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఇద్దరం చంకల్లో చేతులేసి ఎత్తి కూర్చోబెట్టాం. సిస్టర్ పరుగెత్తుకొచ్చి గొట్టంలో కఫం లాగింది. ఊపిరి లోపలికి వెళ్ళిన చప్పుడు వార్డంతా విన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఖలాసీ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"బస్ అన్నాడు" అన్నాడు ఆయన జతగాడు. "ఇంక సాలు, సరిగ్గా వచ్చినాదని."

నేను నేల మీద కూర్చున్నాను. నాకు అప్పుడు కనిపించింది చెప్తాను. లివర్ క్యాన్సరు పెద్దాయన దిండు మీంచి జారి ఉన్నాడు. ఎదుటి మంచం మనిషి కూడా. మూడోవాడూ, నాలుగోవాడూ. పోయాక గడ్డానికి గుడ్డ కట్టింది నేనే కదా, ఎలా పడి ఉన్నారో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ప్రతిసారీ ఈయన చెప్తూనే ఉన్నాడు. ఎత్తండి, ఎత్తండి అని. నేను కప్పు వైపు చూశాను. లిస్టు చదువుతున్నాడని చెప్పి అందర్నీ నవ్వించాను. మొహానికి మొహం పెట్టి నాకే చెప్పాడు ఒకసారి. నేను పోయి నా నాడి పట్టుకు కూర్చున్నాను.

డాక్టరమ్మని పిలిపించారు. ఆమె కుడికి చూడమనలేదు, ఎడమకి చూడమనలేదు. "మీకు వినిపిస్తే పైకి చూడండి" అంది. చూశాడు. "కిందికి చూడండి." చూశాడు. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇలాంటి జబ్బొకటి ఉందనీ, ఒళ్ళంతా పోయి తెలివి మాత్రం అలాగే ఉంటుందనీ, పక్కలకి కదలని కళ్ళు పైకీ కిందికీ కదులుతాయనీ తర్వాత నాకు చెప్పింది. చదువుకున్నానని కూడా చెప్పింది. పరీక్షలో రాశానంది. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

చెల్లెమ్మ బస్సుకి వెళ్ళిపోయింది, ఫోన్ చేసి వెనక్కి రప్పించారు. ఆమె వచ్చి మంచం పక్కన నిలబడి, "నేనెవుల్నో తెలుస్తన్నాదా?" అంది. పైకి చూశాడు. "ఇన్నాళ్ళూ తెలుసా?" పైకి చూశాడు. ఆమె ఏడవలేదు. భుజం మీద చిన్నగా ఒక దెబ్బ వేసింది. "సెప్పొచ్చు గదా" అంది. అని, ఏమన్నదో తనకే అర్థమై, మంచం పట్టె పట్టుకుని కూలబడింది.

డాక్టరమ్మ నా చేతికి ఫారం ఇచ్చింది. చివరి ప్రశ్న అడగమంది. నేను వేళ్ళు చూపిస్తాననీ, సరిపోయిన చోట కళ్ళు మూసుకోమనీ చెప్పాను. ఒకటి. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండు. మూడు. అయిదు దాటింది. ఆరు. ఏడు దగ్గర గట్టిగా మూసుకున్నాడు.

ఎవరూ నమ్మలేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. మళ్ళీ ఏడు. ఆ రోజు నన్నెవరైనా అడిగి ఉంటే నేను మూడు దాటేవాడిని కాదు, కాళ్ళూ చేతులూ అన్నీ ఉండి.

ఏడెందుకో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాం. తల దువ్వడం, ఔను. చెల్లెమ్మ చెప్పే హాస్టల్ కబుర్లు, ఔను. కిటికీలోంచి క్రేన్లు, ఔను, ఔను. నా జోకులు? కాసేపు ఆలోచించినట్టున్నాడు. కాదని కిందికి చూశాడు. జతగాడు పగలబడి నవ్వాడు. నేను కూడా నవ్వాను. అప్పుడు డాక్టరమ్మ అడిగింది, గోడ వైపు ఉన్న ఆ నెలన్నరకి ఎన్ని మార్కులని.

నేను ఇంకా వేలు ఎత్తలేదు. ఒకటి చూపించడానికి గుప్పిట మూశానంతే. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

సున్నా వేసి వేసి చివరికి ఒక మనిషికి దాన్ని నిజం చేసి పెట్టాను.

డాక్టరమ్మ ఆఖరిగా అడగాల్సింది అడిగింది. జ్వరం ముదురుతోంది, పెద్ద ఆసుపత్రికి వెళ్తే మిషను పెడతారు, బాధ ఉంటుంది, బతికి వస్తారని గట్టిగా చెప్పలేను, వెళ్తారా? ఆమె మాట పూర్తి కాకుండానే కళ్ళు పైకి లేచాయి. చెల్లెమ్మ వేలిముద్ర వేసిన కాగితం అడ్డంగా కొట్టేశారు. అరగంటలో అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ నేనే పట్టుకున్నాను. మెట్ల దగ్గర జతగాడు ముందు నడుస్తూ, "ఆరియా, ఆరియా, మెల్లగా" అంటూ దించాడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ గదికి వెళ్ళి, ఆ సున్నాలు ఎలా వచ్చాయో చెప్పాను. మంచం ఎందుకు తిప్పానో కూడా చెప్పాను. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. "నేను మీ చేతికి కాగితాలిచ్చి వెళ్ళిపోయాను బాబాయ్. అది నా తప్పు" అంది.

"ఆ నలుగురు బతికేవాళ్ళా అమ్మా?"

"లేదు. వాళ్ళ టైము అయిపోయింది. ఎత్తి కూర్చోబెట్టినా ఆ రోజో, మర్నాడో." మళ్ళీ తనే అంది, "కాని ఊపిరాడక పోయేవాళ్ళు కాదు. ఆ చివరి గంట వేరేగా ఉండేది. మనం ఇక్కడ ఉన్నది ఆ గంట కోసమే కదా."

పాత ఫారాల కట్ట బీరువాలోంచి తీయించి ఇద్దరం చూశాం. నోరు లేని వాళ్ళందరివీ. ఇంకా వార్డులో ఉన్నవాళ్ళని మర్నాడు ఒక్కొక్కరి దగ్గరా గంటసేపు కూర్చుని అడిగాం. ఒకావిడ బొటనవేలితో జవాబు చెప్పింది. మిగతా ముగ్గురూ ఏమీ చెప్పలేదు, చెప్పలేకపోయారో, మాకే కనిపించలేదో ఇప్పటికీ తెలియదు. సున్నా కొట్టేసి అక్కడ 'తెలియదు' అని రాశాను. ఆ మాట రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. పోయినవాళ్ళ కాగితాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి మీద దిద్దడానికి ఎవరిని అడగాలి?

పరవాడ ఆయన ఇంటికి వెళ్ళేటప్పుడు పలక మీద రాసి చూపించాడు. తన మార్కులు ఆరు. ముక్కుతో ఊపిరి లేదు కాబట్టి చేపల పులుసు వాసన తెలియట్లేదట, తెలిస్తే ఎనిమిది. కింద ఇంకొక వరస: 'ఆయన వస్తే నా పక్క మంచమే ఇవ్వండి.' అప్పటికి ఖలాసీ బతికి ఉన్నాడో లేదో మాకు తెలియదు.

ఖలాసీ వచ్చాడు. ఇరవై మూడు రోజుల తర్వాత, సగం అయిపోయి, ఎముకలు లెక్కపెట్టేలా. కిటికీ పక్కనే పడుకోబెట్టాం. ఇంకో ఏడాదిన్నర ఉన్నాడు. ఆయమ్మ పొద్దున్నే ముందు ఆయన మంచం కిందే తుడిచేది. కొత్త రోగులు ఆయన పక్క మంచం కావాలని అడిగేవారు. పక్కవాడి ఊపిరి మారితే నర్సు కంటే ముందు ఆయనకే తెలిసేది. మధ్యాహ్నం రెండు దాటాక మా ఆయమ్మ అటూ ఇటూ నడుస్తూ నిమిషానికోసారి ఆ కళ్ళ వైపు చూస్తూ ఉండేది. ఇదివరకు భయంతో చూసింది కూడా ఆ కళ్ళనే.

వచ్చిన మొదటి రోజే, చెల్లెమ్మ బయటికి వెళ్ళిన సమయం చూసి, నేను ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. యముడి గుమస్తా అన్నది నేనేనని చెప్పాను. మంచం తిప్పింది నేనే, సున్నాలు వేసింది నేనే అని చెప్పాను. ఆయనకి అన్నీ తెలుసు, అక్కడే ఉన్నాడు కదా. అయినా నా నోటితో చెప్పాను.

"నా మీద కోపం పోనాదా బావా? పోతే పైకి సూడు. నేదంటే కిందకి సూడు. ఏదైనా సరే."

పైకి చూడలేదు. కిందికి చూడలేదు. మూసుకోనూ లేదు. ఆ కళ్ళు నా మొహం మీద అలాగే ఉన్నాయి, రెప్ప కొట్టకుండా. అర్థం కాలేదేమోనని ఇంకోసారి అడిగాను. అర్థమయ్యే ఉంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పోర్టులో ఏదో ఓడ కూత వేసింది, ఆగిపోయింది. ఆయన చూపు కదల్లేదు.

చివరికి నేనే లేచాను. గిన్నెలో నీళ్ళు పోసుకొచ్చి, గుడ్డ తడిపి, పిండి, ఆయన నుదుటి దగ్గర తుడవడం మొదలుపెట్టాను. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు.